ప్రశ్న అడిగే విశ్వాసికి దైవశాస్త్రం నేర్పండి: సంఘ కాపరులకు, పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరులకు, పెద్దలకు, వాక్యపరిచర్యలో ఉన్న సేవకులందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను 12 ఏళ్లుగా ఆదివార పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెబుతున్న ఒక విశ్వాసిని. బైబిలు కళాశాలలో చదవలేదు, హెబ్రీ, గ్రీకు భాషలు నాకు రావు, వేదిక ఎక్కి ప్రసంగించే పిలుపు నాకుందని కూడా అనుకోవడం లేదు. అయినా దైవశాస్త్రం గురించి మీకు ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం, అయిదేళ్ల కిందట ఒక 9 ఏళ్ల బాబు అడిగిన ప్రశ్న. ఆ రోజు గెత్సేమనే తోట పాఠం. తండ్రీ, సాధ్యమైతే ఈ గిన్నె నా దగ్గరనుండి తొలగిపోనివ్వు అని ప్రభువు సాగిలపడి ప్రార్థించిన సంగతి చెబుతుంటే ఆ బాబు లేచి, "టీచర్, యేసుప్రభువు దేవుడే కదా, మరి ఆయన ఎవరికి ప్రార్థన చేశాడు? తనకు తానే చేసుకున్నాడా?" అని అడిగాడు. నేను అంతకుముందు ఎన్నోసార్లు చెప్పిన జవాబే చెప్పాను. నీరు ఒక్కటే అయినా గడ్డకడితే మంచు అవుతుంది, మరిగితే ఆవిరి అవుతుంది, అలాగే దేవుడు ఒక్కడే తండ్రిగా, కుమారుడిగా, పరిశుద్ధాత్మగా ఉంటాడు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "నీళ్లన్నీ ఆవిరైపోతే ఇక గిన్నెలో నీళ్లుండవు కదా టీచర్, అయితే యేసుప్రభువు భూమి మీద ఉన్నప్పుడు పరలోకంలో తండ్రి లేడా?" అని మళ్లీ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం ఆ ప్రశ్నను ఒక దైవసేవకుని దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన నాకు కీడు తలపెట్టిన మనిషి కాదు, నా ఆత్మీయ మేలు కోరినవారే. అయినా ఆయన చెప్పింది ఒక్కటే: ఇవి లోతైన సంగతులు, వీటిని అడగకూడదు, నమ్మాలి అంతే, చిన్నపిల్లల మనసులో ఇలాంటి సందేహాలు పుట్టించేది అపవాది. ఆ మాటను నేను కాస్త మెత్తబరిచి తర్వాతి ఆదివారం ఆ బాబుకు చెప్పాను. వాడు తల ఊపి కూర్చున్నాడు. ఆ తర్వాత చాలాకాలం వాడు తరగతిలో మరో ప్రశ్న అడగలేదు. ఆ మౌనానికి నేను బాధ్యురాలినని ఇప్పటికీ అనుకుంటాను, ఈ లేఖలో నేను మీ ముందు పెట్టే విన్నపమంతా ఆ మౌనం నుంచే పుట్టింది.

జవాబు దొరకని బాధతో నేను చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిన సంగతే నన్ను కలవరపెట్టింది. నీరు, మంచు, ఆవిరి అని నేను చెబుతూ వచ్చిన పోలిక, సంఘం మూడో శతాబ్దంలోనే పరీక్షించి తోసిపుచ్చిన బోధకు సరిగ్గా సరిపోతుంది. అప్పట్లో రోములో సబెల్లియస్ అనే బోధకుడు, దేవుడు ఒక్కడే ఒక్కో సమయంలో ఒక్కో రీతిగా, ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనబడతాడని నేర్పాడు. వినడానికి సులువుగా, దేవుని ఏకత్వాన్ని కాపాడేదిగా కనిపించే ఈ బోధను సంఘం ఎందుకు ఒప్పుకోలేదంటే, అది సువార్తలు చెప్పే సంగతికి నిలవదు. యొర్దానులో కుమారుడు నీళ్లలోనుంచి ఒడ్డుకు వస్తున్న ఆ క్షణంలోనే ఆత్మ పావురంవలె దిగుతున్నాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినబడుతోంది. ముగ్గురూ ఒకే సమయంలో ఉన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుతున్నారు, ఒకరిని ఒకరు ప్రేమిస్తున్నారు. తండ్రే కుమారుడి వేషం వేసుకున్నాడంటే గెత్సేమనేలోని ప్రార్థన నటన అయిపోతుంది, సిలువ మీది కేక కూడా నటన అయిపోతుంది. 9 ఏళ్ల ఆ పిల్లవాడు అపవాది ప్రేరణతో అడగలేదు. సంఘం పూర్వం తన బోధకులను అడిగి, పోరాడి, తేల్చుకున్న ప్రశ్ననే వాడు మళ్లీ అడిగాడు. వాడికి జవాబు ఉంది. మా చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఇంకా చదివితే ఆ ప్రశ్నలో మరో లోతు కనబడింది. నా ఇష్టం కాదు, నీ చిత్తమే జరగాలి అని ప్రభువు అన్నాడు కదా, ఆ 'నా ఇష్టం' ఎవరిది? ఏడో శతాబ్దంలో ఈ ఒక్క మాట మీద పెద్ద వివాదం నడిచింది. క్రీస్తుకు దైవ చిత్తం ఒక్కటే ఉందని, మానవ చిత్తం వేరుగా లేదని కొందరు బోధించారు. వివాదం సామ్రాజ్యానికి చేటని తలచి, క్రీస్తు చిత్తం ఒకటా రెండా అన్న చర్చనే ఎవరూ ఎత్తకూడదని 648లో బైజాంటియన్ చక్రవర్తి రెండవ కాన్‌స్టన్స్ శాసనం చేశాడు. మాక్సిమస్ అనే ఒక సన్యాసి, బిషప్పు పదవి ఏదీ లేని మనిషి, నోరు మూసుకోవడానికి ఒప్పుకోలేదు. చావును చూసి వెనుకాడింది నిజమైన మానవ చిత్తమేననీ, ఆ మానవ చిత్తంతోనే ప్రభువు తండ్రికి విధేయుడయ్యాడనీ, మనిషిలో తిరుగుబాటు చేసేది చిత్తమే కాబట్టి దాన్ని ఆయన ధరించకపోతే అది బాగుపడే మార్గమే లేదనీ ఆయన వాదించాడు. క్రీస్తు ధరించనిది స్వస్థపడదని నాలుగో శతాబ్దంలోనే నజియాంజస్ గ్రెగొరీ అనే బిషప్పు చెప్పిన మాటకు ఇది కొనసాగింపు. 662లో మాక్సిమస్ నాలుకను, కుడిచేతిని కోసివేశారు, ఆ సంవత్సరమే ఆయన ప్రవాసంలో చనిపోయాడు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సభ ఆయన చెప్పిందే సత్యమని ఒప్పుకుంది.

ఇది చదివిన రాత్రి నేను మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను. నాకు చేయాలని లేని పనిని చేయలేక, దేవునికి లోబడలేక నేను కుమిలిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నా చిత్తం వంటి చిత్తాన్ని ప్రభువు మోశాడని, ఆ తోటలో దాన్ని వంచి తండ్రి చేతిలో పెట్టాడని తెలియడం నా ప్రార్థనను మార్చింది. దైవశాస్త్రం బుర్రకే గాని గుండెకు కాదని మీలో కొందరు ప్రసంగాల్లో అంటుంటారు. నా అనుభవం అలా లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన భాషలో వేదాంతం అనే మాట వాడుకలో కొంత అరిగిపోయింది. ఎవరైనా బతుకుకు సంబంధం లేకుండా మాట్లాడితే వేదాంతం చెబుతున్నాడంటాం. థియాలజీ అంటే డిగ్రీ అనీ, పేరు ముందు రెవరెండు అనీ చాలామంది అనుకుంటారు. నేను దైవశాస్త్రం అంటున్నది అంతకంటే సాదాది. దేవుడు ఎవరు, ఆయన ఏమి చేశాడు, ఏమి వాగ్దానం చేశాడు, మనం ఎవరం అన్న ప్రశ్నలకు లేఖనమంతటినీ కలిపి చూసి, మనకంటే ముందు నమ్మినవారు తేల్చుకున్నది కూడా విని, జాగ్రత్తగా జవాబు చెప్పుకోవడమే అది. ఆ జవాబులు లేని విశ్వాసి లేడు. పొయ్యి దగ్గర కీర్తన పాడుకునే తల్లి కూడా దేవుణ్ణి గురించి ఏదో ఒకటి నమ్మే పాడుతుంది. ఆమె నమ్మేది సత్యమా కాదా అన్నదే ప్రశ్న. మీరు నేర్పకపోతే ఆమెకు దైవశాస్త్రం లేకుండా పోదు, పక్కవారి మాటల నుంచి, ఫోన్‌లో వినబడిన ప్రసంగం నుంచి, భయం నుంచి అతుకులబొంతగా ఒకటి తయారవుతుంది. మేలు కలిగిన రోజుల్లో ఆ బొంత చాలినట్టే ఉంటుంది.

అది చాలని రోజు ఎలా ఉంటుందో నేను చూశాను. మాకు తెలిసిన ఒక తల్లి తన బిడ్డను జబ్బుతో పోగొట్టుకుంది. ఓదార్చడానికి వెళ్లినవారిలో, ప్రార్థన కూడికలో ఎంతో నమ్మకంగా ఉండే ఒకామె, నీలో ఇంకొంచెం విశ్వాసం ఉండి ఉంటే బిడ్డ బతికేది అంది. ఆమె క్రూరురాలు కాదు, తాను విన్నదే చెప్పింది. రోగం వస్తే పాపం ఉన్నట్టు, బాగుపడకపోతే విశ్వాసం లేనట్టు అని ఆమె ఏళ్ల తరబడి విన్నది, దాన్ని లేఖనంతో సరిచూసుకునే సాధనం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆ తల్లి ఆ తర్వాత ఆరాధనకు రావడం మానేసింది. దీన్ని నేను ఆ ఓదార్చినామె తప్పుగా లెక్కకట్టను. అది మనందరి తప్పు.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద మౌనంగా కూర్చున్నప్పుడు మంచి స్నేహితులే. నోరు తెరిచి దైవశాస్త్రం మాట్లాడడం మొదలుపెట్టాకే వారు అతన్ని గాయపరిచారు. నీతిమంతుడికి కీడు రాదు, కీడు వచ్చింది కాబట్టి నువ్వు పాపివి అన్నది వారి వాదం. పుస్తకం చివర దేవుని కోపం వారి మీద రగిలింది, తన సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి యుక్తంగా మాట్లాడలేదని ఆయన అన్నాడు. వారి ఉద్దేశం మంచిదా చెడ్డదా అని ఆయన అడగలేదు, తన గురించి చెప్పింది నిజమా కాదా అని చూశాడు. ఈ ఒక్క అధ్యాయం ప్రతి సంఘంలో పరామర్శకు వెళ్లేవారికి బోధించి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని మాటలు ఆగి ఉండేవో. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని ప్రభువు అన్నాడు. పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, కృప మాత్రం దొరికింది. తిమోతికి తరచుగా బలహీనతలు వచ్చేవి. త్రోఫిము రోగియై ఉంటే పౌలు అతన్ని మిలేతులో విడిచి వచ్చాడు. ఈ వచనాలన్నీ మా బైబిళ్లలో ఉన్నాయి. వీటిని ఒకచోట చేర్చి చూడడం ఎలాగో మాకు తెలియదు. చావు జరిగిన ఇంటికి రాత్రి రెండు గంటలకు మొదట వెళ్లేది పొరుగున ఉన్న విశ్వాసి, మీరు తెల్లారి వస్తారు. ఆ నాలుగు గంటల్లో దేవుని గురించి ఏం చెప్పబడుతుందో అది మీరు మాకు నేర్పినదాని మీదే ఆధారపడి ఉంటుంది.

సామాన్యులకు ఇంత లోతు అవసరమా అని అడిగేవారికి నేను రోమీయులకు రాసిన పత్రికను చూపిస్తాను. క్రొత్త నిబంధనలో అంతకంటే బరువైన దైవశాస్త్రం ఉన్న పత్రిక చెప్పడం కష్టం. నీతిమంతులుగా తీర్చబడడం, ఆదాములో మరణం, క్రీస్తులో జీవం, దేవుని ఏర్పాటు, ఇశ్రాయేలు భవిష్యత్తు, అన్నీ అందులో ఉన్నాయి. పౌలు దాన్ని పండితుల పాఠశాలకు పంపలేదు, రోమాలో ఉన్న దేవుని ప్రియులందరికీ రాశాడు. ఇళ్లలో కూడుకునే చిన్న చిన్న సంఘాలలో ఎవరో ఒకరు గట్టిగా చదువుతుంటే మిగిలినవారు విన్నారు. పదహారో అధ్యాయంలో ఆయన వందనాలు చెప్పిన పేర్లు చూడండి. వాటిలో కొన్ని ఆ కాలంలో బానిసలకు పెట్టే పేర్లని చరిత్రకారులు చెబుతారు. పగలంతా యజమాని పని చేసి అలసిపోయి వచ్చి కూర్చున్న ఆ మనుషులు ఎనిమిదో అధ్యాయాన్ని అర్థం చేసుకోగలరని పౌలు నమ్మాడు. మీరు మా గురించి అంత నమ్మకం పెట్టుకోమని అడుగుతున్నాను.

ఆ పేర్ల వరుసలో దాదాపు మొదటే ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులున్నారు. డేరాలు కుట్టుకుని బతికేవారు, వారి ఇంట్లోనే ఒక సంఘం కూడుకునేది. అంతకుముందు ఎఫెసులో అపొల్లో అనే గొప్ప వాక్చాతుర్యం గలవాడు, లేఖనాల్లో ప్రవీణుడు, సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తుంటే వీరిద్దరూ విన్నారు. అతనికి యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసని గ్రహించారు. అందరి ముందు అతన్ని అవమానించలేదు, అలాగని పెద్ద బోధకుడు కదా అని ఊరుకోలేదు. తమ దగ్గరికి చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. ఆ డేరాలు కుట్టేవారికి దైవశాస్త్రం తెలియకపోతే అపొల్లో ఎంత దూరం తప్పుదారిలో వెళ్లేవాడో. ప్రసంగీకునికి తన సంఘం ఒక కాపుదల కాగలదని ఆ సంగతి చూపిస్తుంది. బెరయవారు పౌలు చెప్పినది నిజమేనా అని ప్రతిదినం లేఖనాలు పరిశోధిస్తే లూకా వారిని ఘనులన్నాడు, అవిధేయులనలేదు.

మీరు తరచుగా ఎత్తి చూపే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటిలో ఎక్కువసార్లు విన్నది, అక్షరము చంపును గాని ఆత్మ జీవింపచేయును అన్న వచనం. బైబిలు చదువు గురించి ఎవరైనా ఎక్కువగా మాట్లాడితే ఈ మాటతో ఆపేస్తారు. కాని రెండవ కొరింథీయుల మూడో అధ్యాయాన్ని మొదటినుంచి చదివితే పౌలు అక్కడ చదువుకు, ఆత్మకు పోటీ పెట్టడం లేదని తేటగా కనబడుతుంది. రాతి పలకల మీద చెక్కిన పాత నిబంధన సేవకు, హృదయమనే పలకల మీద ఆత్మ రాసే క్రొత్త నిబంధన సేవకు ఉన్న తేడాను ఆయన చెబుతున్నాడు. ధర్మశాస్త్రం పాపికి తీర్పు మాత్రమే ఇవ్వగలదని, ఆత్మ జీవం ఇస్తాడని దాని భావం. చదవవద్దని చెప్పడానికి వాడే వచనాన్నే చదవకుండా వాడుతున్నాం. ఇంతకంటే దైవశాస్త్ర అధ్యయనం ఎందుకు కావాలో చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు, ఇది ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు, ఈ వచనాన్ని నేనూ పిల్లలకు అలాగే చెప్పాను.

పేతురు, యోహాను విద్యలేని పామరులు కదా అని మరికొందరంటారు. మహాసభవారు అలా అనుకున్న మాట నిజమే, కాని అదే వచనం వారు యేసుతో ఉన్నవారని గుర్తెరిగారని కూడా చెబుతుంది. ఆ పామరులు లోకం చూసిన గొప్ప బోధకుని వెంట పగలూ రాత్రీ తిరిగి నేర్చుకున్నవారు, పునరుత్థానం తర్వాత కూడా ఆయన మోషే మొదలుకొని ప్రవక్తలందరి లేఖనాలు విప్పి చెబితే విన్నవారు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యుల హృదయాలు మండింది లేఖనాలు బోధపరచినప్పుడే. జ్ఞానం ఉప్పొంగజేస్తుందన్న మాట గురించి నాకు వాదం లేదు, అది నిజం, నాలోనే దాన్ని చూశాను. దానికి మందు అజ్ఞానం కాదు. దేవుడు ఎంత గొప్పవాడో నిజంగా తెలిసినవారు ఉప్పొంగరు. అర్ధజ్ఞానంతో ఆగిపోయినవారే ఉప్పొంగుతారు, ముందుకు నడిపించేవారు లేకే మాలో చాలామంది అక్కడ ఆగిపోతున్నాం.

విభేదాలు వస్తాయన్న భయం మాత్రం తేలికైనది కాదు, సంఘ చరిత్రే దానికి సాక్ష్యం. అయితే తెలియకుండా ఉంచడం విభేదాన్ని ఆపదు, ముందు ఎవరు వచ్చి మాట్లాడితే వారి వెంట జనం పోయేలా చేస్తుంది. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్, కుమారుడు లేని కాలం ఒకటుందని, ఆయన తండ్రి చేసిన సృష్టిలో మొదటివాడని బోధించాడు. ఆ బోధను ప్రజల్లోకి తీసుకుపోవడానికి ఆయన ఓడవారు, తిరగలి పనివారు, బాటసారులు పాడుకునే పాటలు కట్టాడని పాత చరిత్రకారుడు ఫిలోస్తోర్గియస్ రాశాడు. ప్రసంగం విననివారి నోట కూడా పాట నిలుస్తుందని అరియస్‌కు తెలుసు. 325లో నీకయలో కూడిన సభ కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ఒప్పుకుంది. ఆ ఒక్క మాట కోసం అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్ అయిదుసార్లు దేశభ్రష్టుడయ్యాడు. ఒక మాట కోసం ఇంత గొడవ ఎందుకని ఆ కాలంలోనూ కొందరు విసుక్కున్నారు. అతనేసియస్‌కు అది మాట గొడవ కాదు. సృష్టించబడినవాడు సృష్టిని రక్షించలేడు. క్రీస్తు దేవుడు కాకపోతే మనల్ని దేవుని దగ్గరికి తెచ్చినది ఎవరు? మనం ఆరాధనలో మోకరించేది ఎవరికి? మా ఆరాధనలో ప్రతి వారం కొత్త పాటలు వస్తున్నాయి. రాగం బాగుంటే పాడేస్తున్నాం. అందులో చెప్పినది మన ప్రభువు గురించి నిజమేనా అని పరీక్షించే చెవి మాకు మీరే ఇవ్వాలి.

పూర్వం సంఘం ఈ పనిని సామాన్యులకు చేసింది. సుమారు 350లో యెరూషలేములో సిరిల్ అనే సంఘ నాయకుడు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవారికి విశ్వాస ప్రమాణాన్ని మాట మాటగా విప్పి వరుసగా ప్రసంగించాడు. విన్నవారు మామూలు పట్టణవాసులు. 1528లో మార్టిన్ లూథర్ సంఘాలను దర్శించి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన కూడా తెలియని విశ్వాసులను చూసి బాధపడి, 1529లో ఇంటి పెద్దలు తమ ఇంటివారికి నేర్పగలిగే చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. 1563లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తయారైన ప్రశ్నోత్తరాలను ఏడాది పొడవునా బోధించగలిగేలా 52 ఆదివారాలకు విభజించారు. వీటికంటే చాలా ముందు, యెరూషలేము నీటి గుమ్మం ఎదుట ఎజ్రా తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివితే, పురుషులు, స్త్రీలు, గ్రహించగలిగిన వారందరూ నిలబడి విన్నారు, లేవీయులు జనుల మధ్య అర్థం చెప్పారు. ఆ రోజు జనం గొప్ప సంతోషంతో ఇళ్లకు వెళ్లడానికి కారణం నెహెమ్యా గ్రంథమే చెబుతుంది: తమకు తెలియజేసిన మాటలు వారు గ్రహించారు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. బాప్తిస్మానికి ముందు ఇచ్చే బోధను ఒకటి రెండు కూడికలతో ముగించకండి. మనం ప్రతి ఆదివారం పలికే విశ్వాస ప్రమాణంలో కన్య మరియ అనే మాట ఎందుకుంది, పొంతి పిలాతు పేరు ఎందుకుంది, శరీర పునరుత్థానం అంటే ఏమిటి అని ఒక్కో మాట విప్పి సంఘమంతటికీ ఒక ఏడాది బోధించండి. పత్రికలను, సువార్తలను ఒక్కో వచనం విడదీసి కాకుండా మొదటినుంచి చివరివరకు వరుసగా ప్రసంగించండి, ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో చూడడం మేము అలాగే నేర్చుకుంటాం. వారంలో ఒక గంట, మేము ప్రశ్నలు అడగడానికి మాత్రమే కేటాయించండి, అందులో స్త్రీలకు, యువతకు, పిల్లలకు నోరు విప్పే చోటివ్వండి. ఆదివార పాఠశాల ఉపాధ్యాయుల చేతికి పాఠం, రంగుల బొమ్మలు ఇచ్చి ఊరుకోకుండా, త్రిత్వం, క్రీస్తు దైవత్వం, ఆయన మానవత్వం, కృప అనే ప్రాథమిక సంగతులైనా ముందు మాకు నేర్పండి. మీకు జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పండి. అలా చెప్పిన కాపరి మీద నాకు గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు, చదివి వచ్చే వారం చెబుతానన్న కాపరి దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నాను.

మీ భారం నాకు తెలుసు. పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, ఆసుపత్రి పరామర్శలు, సంఘంలో తగాదాలు, వీటి మధ్య ప్రసంగం సిద్ధం చేసుకోవడానికే సమయం చాలదు. అందుకే అడుగుతున్నాను. కాపరులను, ఉపదేశకులను ప్రభువు అనుగ్రహించింది పరిశుద్ధులను పరిచర్య కోసం సంపూర్ణులను చేయడానికని ఎఫెసీయుల పత్రిక చెబుతోంది, పరిచర్య అంతా మీరే మోయడానికని చెప్పడం లేదు. మేము నేర్చుకుంటే మీతో పాటు మోయగలం. కాలాన్ని బట్టి చూస్తే మీరు బోధకులుగా ఉండవలసినవారు, ఇంకా పాలు తాగవలసివస్తోందని హెబ్రీయుల పత్రిక గద్దించింది సంఘంలోని విశ్వాసులనే. ఆ గద్దింపు నాకు తగిలింది. పాలు మాన్పించే పని మాత్రం మీ చేతుల్లో ఉంది.

నీ పూర్ణవివేకముతోను దేవుడైన ప్రభువును ప్రేమింపవలెనని ప్రభువు చెప్పాడు. హృదయంతో ప్రేమించడం ఎలాగో మీరు మాకు ఎంతో శ్రద్ధగా నేర్పారు, దానికి నేను కృతజ్ఞురాలిని. వివేకంతో ప్రేమించడం కూడా నేర్పండి. మీలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాసింది సంఘమంతటికీ. హేతువు అడిగేవారు మా పని చోట్ల, మా బంధువుల్లో, మా ఇళ్లలో ఉన్నారు. వారి ముందు మీరు ఉండరు, మేముంటాం.

ఆ బాబుకు ఇప్పుడు 14 ఏళ్లు. రెండేళ్ల కిందట నేను అతని దగ్గరికి వెళ్లి, నీరు, మంచు, ఆవిరి అని నేను చెప్పింది తప్పని, నీ ప్రశ్న సరైనదని చెప్పాను. కుమారుడు తండ్రికి ప్రార్థించాడని, నటనగా కాక నిజంగా ప్రార్థించాడని, మనలాంటి చిత్తంతో మన కోసం లోబడ్డాడని నాకు తెలిసినంత చెప్పాను. అతను చాలాసేపు విని, "మరి పరిశుద్ధాత్మ ఆ రాత్రి ఏం చేస్తున్నాడు?" అని అడిగాడు. ఈ నెల అతను బాప్తిస్మం కోసం పేరు ఇచ్చాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోకి బాప్తిస్మం ఇచ్చేముందు ఆ ప్రశ్నతో మీలో ఒకరి దగ్గరికి వస్తాడు, నేనే వెళ్లమన్నాను. దయచేసి అతన్ని కూర్చోబెట్టుకుని వినండి.

ప్రభువు సేవలో మీ సహోదరి,
ఆదివార పాఠశాల ఉపాధ్యాయురాలు